తీగలాయన వదిలేసిన తొమ్మిదో పాఠం

ప్రతి ఉదయం ఏడు గంటలకి, ఆసుపత్రి వరండా తుడిచే ఆమె బకెట్టు ఇంకా పక్కన పెట్టకముందే, తీగలాయన మెట్ల పక్కనున్న ఇనప బీరువా తెరిచి దీపాలు లెక్కపెట్టేవాడు. ఆ అంతస్తులోని కంప్యూటర్ల తీగలన్నీ గోడల్లోంచీ, కప్పు మీంచీ వచ్చి ఆ బీరువాలో ఉన్న నల్లపెట్టెలో దూరతాయి. తీగ దూరిన ప్రతిచోటా ఆవగింజంత పచ్చదీపం. ఇరవై నాలుగూ వెలుగుతుంటే ఆ అంతస్తులో అందరి మాటా అందరికీ చేరుతున్నట్టే. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేవాడు. పక్క గదిలో రోగులు నిద్రలో ఉంటారని తలుపు చప్పుడు కాకుండా మూసి పై అంతస్తుకి వెళ్లేవాడు. మూడు అంతస్తులు, పద్దెనిమిదేళ్లు, అదే వరస.

ఆయనకి నలభై తొమ్మిదేళ్లు. నిచ్చెన వేసుకుని, కప్పు పలక జరిపి, తలా భుజాలూ పైకి దూర్చి తీగలు లాగడం ఆయన పని. పలక జరిపేముందు కింద మంచం మీద ఎవరైనా ఉంటే తన తువ్వాలు వాళ్లమీద పరిచేవాడు. "దుమ్ము రాలుతుందమ్మా, రెండు నిమిషాలు ఓర్చుకో" అనేవాడు. పెద్దవాళ్లు తీగలాయన అనీ, చిన్నవాళ్లు బాబాయ్ అనీ పిలిచేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఒక ఉదయం లెక్క పందొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"అయిదు దీపాలు పోయాయేమిటి?" అన్నాడు వరండా తుడిచే ఆమెతో.

ఆమె వంగి చూసింది. "అన్నీ నిక్షేపంలా వెలుగుతున్నాయి కదా బాబాయ్. పొద్దున్నే నాతో పరాచికాలా?"

ఆయన తల కొంచెం తిప్పాడు. పోయిన అయిదూ వచ్చాయి, ఇటు చివర ఇంకో అయిదు మాయమయ్యాయి. ఆమెతో పాటు తనూ నవ్వాడు. మెట్లెక్కుతూ మలుపు దగ్గర కూర్చుండిపోయాడు. ఎంతసేపు కూర్చున్నాడో గాని, ఆ రోజు పై అంతస్తుల దీపాలు లెక్కపెట్టలేదు.

తనవాళ్లెవరూ చూడకూడదని ఊరికి అవతలి కొసనున్న కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు చాలాసేపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"నీటికాసులు, గ్లకోమా అంటారు. ఎడమ కన్ను దాదాపు పోయినట్టే. కుడి కన్ను అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు నిలబడుతుంది."

"కొన్నాళ్లంటే?"

"కొందరికి ఏళ్లు. మీరు ఆలస్యంగా వచ్చారు. ఏడాది అనుకుని పనులు చక్కబెట్టుకోండి. నిచ్చెన మాత్రం ఎక్కకండి."

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. కాలు ఆపింది గాని గుడ్డ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"నిచ్చెన మీంచి పడి తలకాయ పగిలితే అప్పుడెవరికి చెప్పను?"

"పడను."

"పడనని నిచ్చెనకి చెప్పారా?"

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచీ మూడు పూటలా ఆయన తల తన ఒళ్లో పెట్టుకుని చుక్కలు వేసేది. చుక్క కంట్లో పడేదాకా పెదవులు కదుపుతూ ఉండేది. ఏం జపిస్తోందో ఆయన అడగలేదు.

మర్నాడు ఆసుపత్రి ఇంజినీరు గదికి వెళ్లాడు. ఇంజినీరు ఆయనకంటే చిన్నవాడు, మాట కరుకు, మనసు మంచిది. కళ్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. మోకాళ్లు అరిగాయని చెప్పాడు.

"నెట్‌వర్క్ గదిలో ఎనిమిది నెలల్లో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది," అన్నాడు ఇంజినీరు. "వార్డుల నుంచి ఫోన్లు వస్తాయి. ఎక్కడ తెగిందో, ఏది ఆగిందో ఊహించి మనిషిని పంపాలి. మీకంటే తెలిసినవాడెవడు? కానీ నెట్‌వర్క్ కోర్సు పాసైనవాళ్లనే కూర్చోబెట్టాలని పైవాళ్ల రూలు. పాసవ్వండి. కూర్చోబెట్టే పూచీ నాది."

తీగలాయనకి ఆ కుర్చీ దేవుడే చూపించాడనిపించింది. వినడం, చెప్పడం, అంతేగా పని. ఆ భవనంలో ఏ తీగ ఏ గోడలో పోతుందో ఆయన తలలోనే ఉంది. పుస్తకం కూడా తలకెక్కితే ఇక కళ్లతో పనేముంది? కళ్లు మూసుకుపోయేలోపు పుస్తకం లోపలికి పోవాలి. అప్పట్నుంచీ ఆయన బతుకంతా ఆ ఒక్క పందెం మీదే నడిచింది.

కోర్సు సైకిళ్ల దుకాణం మీది గదిలో, ఉదయం ఆరింటి నుంచి ముప్పావుగంట. ఎనిమిదిమంది. మాస్టారు టెలిఫోన్ల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రబ్బరు బ్యాండ్లు ఉండేవి. మొదటి రోజే అందరి చేతా పుస్తకంలో మొదటి పాఠం విడిచిపెట్టి, మిగతా ఇరవై ఒక్క పాఠాలకీ కలిపి రబ్బరు బ్యాండు వేయించారు.

"ఈ పాఠంలో ఉన్నది ఆ బల్ల మీద మీ చేతులతో చేసి, పాడుచేసి, మళ్లీ బాగుచేసి చూపిస్తేనే బ్యాండు ఒక పాఠం వెనక్కి జరుగుతుంది," అన్నారు. "ముందుకి తొంగిచూస్తే నాకు తెలిసిపోతుంది. మాటలో తెలుస్తుంది."

తీగలాయన పక్కన ఆ ఆసుపత్రిలోనే ఎక్స్‌రే గదిలో పనిచేసే అమ్మాయి కూర్చునేది. ముప్ఫై దాటిన మనిషి, నెమ్మదైనది. "ఎముకలు చూసి చూసి విసుగొచ్చింది బాబాయ్, తీగలు చూద్దామని వచ్చా" అంది మొదటిరోజు. రెండు రోజులకే ఆమె ఒకటి గమనించింది. ఆయన రాసుకునేటప్పుడు గీత దాటి బల్ల మీద రాసేస్తున్నాడు. అప్పట్నుంచీ తన కాగితం చివర ఆయన కాగితానికి ఆనించి పెట్టేది, అడ్డుకట్టలాగా.

పాఠానికి పది రోజులు పట్టేది. ఇరవై రెండు పాఠాలకి ఏడు నెలలు పైనే. తీగలాయన వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. డాక్టరు చెప్పిన ఏడాదిలో ఎన్ని నెలలు చదవగలిగే నెలలో ఎవరికి తెలుసు? నాలుగో పాఠం నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆసుపత్రి డాబా మీద నీళ్ల ట్యాంకుల పక్కన కూర్చుని రబ్బరు బ్యాండు తీసేశాడు. ఎండలో అక్షరాలు కాస్త నిలబడేవి. అన్నం ఓ పది నిమిషాల్లో ముగించి మిగతా గంటంతా చదివేవాడు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. చదివింది మెట్లు దిగుతూ పైకి అనుకునేవాడు.

తొమ్మిదో పాఠం నిండా బొమ్మలు. బూడిదరంగు గీతలు, ఆ గీతల పక్కన చీమతలకాయలంత అక్షరాలు. ఆయన కంటికి బొమ్మలో ఒక మూల ఆనితే రెండో మూల పోయేది. మూడు మధ్యాహ్నాలు దానితోనే పోయాయి. మూడో రోజు పేజీ మీద నీటిబొట్టు పడింది. చెమటో ఏదో తుడిచేసి, "దీన్ని తర్వాత ఎవరితోనైనా చెప్పించుకుందాం" అనుకుని పది తెరిచాడు. పద్నాలుగు దాకా ఆగలేదు.

పద్నాలుగో పాఠం ఆయనకి చాలా నచ్చింది. రెండు పెట్టెల మధ్య ఒకే తీగ ఉంటే అది తెగిననాడు అటువాళ్లు మూగవాళ్లవుతారు. రెండు దారులుండాలి, అని అందులో ఉంది. క్లాసులో ఆరో పాఠం జరుగుతున్న రోజు ఆ మాట నోరుజారి అనేశాడు.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. "రెండు దారులన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

తీగలాయన కాగితాలు సర్దుకున్నాడు.

"ఊరికే తోచింది మాస్టారూ."

"తోచలేదు. చదివారు. ముందుకి చదివినవాళ్లకి పేర్లన్నీ వచ్చేస్తాయండీ. ఏది ముట్టుకోకూడదో మాత్రం రాదు. అంత తొందరేమిటి మీకు, రైలేమైనా పోతోందా?"

క్లాసంతా నవ్వింది. తీగలాయన తల దించుకున్నాడు. నిజం అప్పుడు చెప్పి ఉండవచ్చు. కళ్లు పోతున్నవాణ్ణి ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెడతారని ఆగిపోయాడు.

బయటికొచ్చాక ఎక్స్‌రే అమ్మాయి అంది, "మాస్టారి మాట పట్టించుకోకు బాబాయ్. కానీ బ్యాండు మళ్లీ వేసుకో."

"నీకేం తల్లీ. నీకు టైముంది."

"ఎందుకలా అంటావు?"

"ఏదో అన్నాలే. నడు, రోగుల ఎముకలు నీకోసం ఎదురుచూస్తుంటాయి."

ఆ ముందు నెల రెండో అంతస్తు నుంచి కిందికొచ్చే తీగని ఎలుకలు కొరికేశాయి. రక్తపరీక్షల గది రెండో అంతస్తులో ఉంది. అక్కడి పెద్దాయన, కాళ్లు వాచిన మనిషి, ఆ రోజంతా కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగాడు. సాయంత్రం ఆయన చెప్పులు విప్పలేక అవస్థ పడుతుంటే తీగలాయనే కూర్చుని విప్పాడు. ఆ కాళ్లు ఆయన మనసులో ఉండిపోయాయి. రెండో అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య గోడలో వాడకుండా పడున్న పాత తీగ ఒకటుందని ఆయనకి తెలుసు. దాన్ని తగిలిస్తే రెండో దారి. ఇక పెద్దాయన మెట్లెక్కనక్కర్లేదు.

ఒక ఉదయం ఎనిమిదికి పావుగంట ముందు పైకొస పైపెట్టెలో, కిందికొస కిందిపెట్టెలో తగిలించాడు. రెండు చోట్లా పచ్చదీపం వచ్చింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని బీరువా మూశాడు.

తొమ్మిదో పాఠంలో ఉన్నది ఇదే. రెండు దారులు పెట్టేముందు ఒకదానికి కాపలా పెట్టాలి, మొదటిది తెగేదాకా రెండోది మూసి ఉంచమని పెట్టెలకి చెప్పాలి. చెప్పకపోతే ఒక పెట్టె వేసిన కేక ఒక తీగ వెంట పైకెళ్లి, రెండో తీగ వెంట కిందికొచ్చి, మళ్లీ పైకెళ్తుంది. ఆగదు. ఒకటి పదవుతుంది, పది లక్షవుతాయి. చివరికి ఆ కేకలే తప్ప అసలు మాట ఒక్కటీ దారిలో పట్టదు. ఆ ఆసుపత్రిలోవి పాత పెట్టెలు. కాపలా పెట్టమని వాటికి ఎవరూ చెప్పి ఉండలేదు.

అయిదు నిమిషాల్లో మూడు అంతస్తుల్లోనూ తెరలు బిగుసుకుపోయాయి. ఏ రోగి ఏ మంచం మీద ఉన్నాడో, ఎవరికి ఏ మందో, అన్నీ ఆ తెరల్లోనే. తీగలాయన పరుగున బీరువాల దగ్గరికి వెళ్లాడు. దీపాలన్నీ ఒక్కసారిగా వణుకుతున్నాయి. ఏదో పాత తీగ తెగిందనుకున్నాడు. తను పెట్టిన తీగ మీదికి అనుమానం పోనేలేదు. రెండో దారి ఉంటే మేలేగాని కీడెలా అవుతుంది? మూడో అంతస్తులో నిచ్చెన వేసి, చూపు ఆననిచోట చేత్తో తడుముతూ పాత అతుకులన్నీ వెతికాడు. ఈలోగా ఇంజినీరు వచ్చి ఒక్కో తీగా పీకడం మొదలుపెట్టాడు. గంటా పది నిమిషాలకి ఆ కొత్త తీగ పీకాడు. దీపాలు కుదుటపడ్డాయి.

"ఇదెవరు తగిలించారు?"

ఎవరూ చూడలేదు. చెప్పకపోతే తెలిసే దారి కూడా లేదు.

"నేనే సార్," అన్నాడు తీగలాయన, నిచ్చెన భుజం మీంచి దించకుండానే.

ఆ గంటలో రక్తపరీక్షల పెద్దాయన చేతికి ఒకామె ఫలితం వచ్చింది. రక్తంలో ఒక ఉప్పు మితిమీరిపోయింది, వెంటనే మందు పడాలి. తెర పనిచేయక కాగితం మీద రాసుకుని, ఆ వాచిన కాళ్లతోనే ఆమె వార్డుకి వెళ్లాడు. మంచం ఖాళీ. తెల్లవారుజామున ఆమెని వేరే గదికి మార్చారు. ఏ గదికో తెరకే తెలుసు. ఆయన గది గదికీ తిరిగి ఆమెని కనుక్కునేసరికి ముప్పావుగంట పట్టింది. మందు ఎక్కించారు. పదిన్నరకి ఆమె పోయింది. ముందే అందినా దక్కేది కాదేమోనని ఒక డాక్టరు అన్నాడు. దక్కేదేమోనని ఇంకొకాయన అన్నాడు. తీగలాయన ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. టీ పోసే ఆమె ఆయన చెయ్యి పట్టుకుని గ్లాసు అరచేతిలో పెట్టి వెళ్లింది.

మధ్యాహ్నం ఆయన వరండాలో గోడకానుకుని నిలబడి ఉంటే పోయినామె భర్త వచ్చాడు. గోడలకి రంగులు వేసే మనిషి, గోళ్లలో ఇంకా తెల్ల సున్నం ఉంది. చేతిలో సంచీ. అందులోంచి ఒక దువ్వెన, సగం నీళ్లున్న సీసా కనపడుతున్నాయి.

"అన్నా, ఈ సంచీ గేటు దాకా కాస్త పట్టుకుంటావా? నావల్ల కావడం లేదు."

తీగలాయన పట్టుకున్నాడు. గేటు దాకా ఇద్దరూ నడిచారు. గేటు దగ్గర రంగులాయన, "చల్లగా ఉండు అన్నా" అన్నాడు.

విచారణలో తీగలాయన కళ్ల సంగతి కూడా చెప్పేశాడు. "మోకాళ్లన్నారు కదండీ నాతో," అన్నాడు ఇంజినీరు. అంతకంటే తిట్టలేదు. నెట్‌వర్క్ గదిలో కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. తీగలాయన్ని ఇంటికి పంపించేశారు.

ఎక్స్‌రే అమ్మాయి అంతా చెప్పగా విని మాస్టారు వెతుక్కుంటూ ఇంటికొచ్చారు. కుట్టుమిషను పక్కన బల్ల మీద కూర్చున్నారు.

"నాతో ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేదయ్యా," అన్నారు. "పొద్దున్న అయిదింటికి రమ్మనేవాణ్ణి. రోజుకో పాఠం నేనే చెప్పేవాణ్ణి. ఆ బొమ్మలు గోడ మీద గజమంత గీసేవాణ్ణి."

"మీరు అలాంటివారని తెలియలేదు మాస్టారూ."

"నేనూ అడగలేదులే. రైలు పోతోందా అని వేళాకోళం చేశాను." మాస్టారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. తీగలాయన భార్య మంచినీళ్లు తెస్తే తాగకుండానే గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

చూపు డాక్టరు చెప్పినదానికంటే తొందరగా పోయింది. దిగులు కూడా దానికి తోడైందని భార్య అనేది. నాలుగు నెలలకి ఆయనకి మిగిలింది తాళం కన్నంలోంచి చూసినంత. ఎక్స్‌రే అమ్మాయి సెలవురోజుల్లో వచ్చి తొమ్మిదో పాఠం చదివి వినిపించింది. పరీక్ష లేదు, కుర్చీ లేదు, అయినా ఆయన వినాలన్నాడు. బొమ్మ వచ్చినచోట ఆమె ఆయన అరచేతిలో వేలితో గీసింది. ఇది పైపెట్టె, ఇది కిందిపెట్టె, ఇది నువ్వు పెట్టిన తీగ. వేలు గుండ్రంగా తిరిగింది. మళ్లీ తిరిగింది.

"ఇక చాలమ్మా," అన్నాడు. "ఎంత చిన్న పాఠం."

"చిన్నదే బాబాయ్. ఆరు పేజీలు."

ఆమె వెళ్లాక ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. తెలియక చేశానన్న ఊరట అంతదాకా ఏదో మూల ఉండేది. ఆ ఆరు పేజీలు చేతిలోకి వచ్చి కూడా వదిలేశానని ఇప్పుడు తెలిసింది.

వారం తర్వాత రక్తపరీక్షల పెద్దాయన్ని అడిగి రంగులాయన ఇల్లెక్కడో కనుక్కున్నాడు. భార్య తోడొస్తానంది. వద్దన్నాడు. "ఇది ఒక్కణ్ణే చెప్పాలి." ఆవిడ బస్సెక్కించి, పక్క సీటాయనకి దిగేచోటు రెండుసార్లు చెప్పి దిగింది. ఆ పక్క సీటాయన తన స్టాపు దాటినా కూర్చుని, తీగలాయన్ని ఆ వీధి మొదట్లో దింపి వెనక్కి వెళ్లాడు. ఇలాంటివాళ్లని దేవుడు ఎక్కడెక్కడ కూర్చోబెడతాడో తెలియదు.

గోడ పట్టుకుని ఇళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లాడు. రెండుసార్లు తప్పు తలుపు కొట్టాడు. మూడోది రంగులాయనదే. అయిదు మెట్లెక్కి లోపల కూర్చున్నాక, ఏదీ దాచకుండా చెప్పాడు. తీగ సంగతి, కేకలు తిరిగిన సంగతి, మంచం మారిన సంగతి, వదిలేసిన పాఠం సంగతి. ఆపి ఆపి చెప్పాడు. రంగులాయన మధ్యలో ఒక్కసారే లేచాడు. బయట ఎండబెట్టిన బ్రష్షులు లోపల పెట్టుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"ఆ గంట లేకపోతే బతికేదా?"

"తెలియదు. డాక్టర్లకీ తెలియదన్నారు."

"మరి నాకెందుకు చెప్పావు? నేను దేవుడి లెక్క అనుకుని సర్దుకున్నాను. ఇప్పుడెలా సర్దుకోను?"

"ఆ రోజు మీరు నన్ను అన్నా అని సంచీ పట్టుకోమన్నారు," అన్నాడు తీగలాయన. "ఎవరి చేతికి ఇస్తున్నారో తెలియకుండా ఇచ్చారు. అది నాకు పడటం లేదు."

"పాఠం కష్టమని వదిలేశావా?"

"కనపడక వదిలేశాను. కనపడటం లేదని చెప్పలేక వదిలేశాను."

రంగులాయన క్షమించాననీ అనలేదు, పొమ్మనీ అనలేదు. తీగలాయన చేతులు జోడించి లేచాడు. గుమ్మం కోసం గోడ తడిమాడు. గోడకి కొత్త రంగు, వేళ్లకి అంటింది. వచ్చినప్పుడు ఎక్కిన మెట్లు ఎటున్నాయో తెలియలేదు. బయట వెలుగు తగ్గిపోయింది, ఆ తాళం కన్నమంత చూపు కూడా దానితోపాటే ఆరిపోయింది.

వెనక ఆ మనిషి కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఊపిరి వినపడుతోంది. ఆ వీధిలో తీగలాయన ఎరిగినవాళ్లు ఇంకెవరూ లేరు.

"అడక్కూడదు," అన్నాడు గోడవైపు తిరిగే. "మీ చెయ్యి పట్టుకుని నన్ను ఆ బస్సు దాకా దింపుతారా?"